ఎర్రగుడ్డ కట్టని తీగ

"సంచికి కాళ్ళొచ్చాయా?" అన్నాడు మేస్త్రి.

అప్పటికే మంచం కింద చూశారు. మెట్ల కింద చూశారు. బీరువా వెనక కూడా చూశారు. పనిముట్ల సంచి లేదు. కనబడకుండా పోయేంత చిన్నది కాదు అది. స్పానర్లు, టెస్టర్లు, గ్రీజు డబ్బా, టార్చిలైటు, తీగల చుట్టలు అన్నీ అందులోనే ఉంటాయి. లిఫ్టులు బిగించే పనిలో ఆ సంచి మోసీ మోసీ మేస్త్రి కుడి భుజం కిందికి దిగి, అలాగే ఉండిపోయింది.

"రాత్రి తలుపు పక్కన పెట్టాను. నా చేత్తో పెట్టాను."

"చేత్తో కాక కాలితో పెడతారా?" అంది భార్య వంటింట్లోంచి. "ఇంకోసారి చూడండి. వ్యాను వచ్చేలోపు దొరుకుతుంది."

"దానికేమైనా వ్యాను టైము తెలుసా?"

పెద్దాడు తన సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తండ్రితోనే వెళ్తున్నాడు. వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టులు బిగించాలి. పని పూర్తయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉంటారు. రెండు నెలలు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు.

"నా సంచిలోవి సరిపోతాయిలే నాన్నా. పద."

"నీ సంచిలోవి నీకే సరిపోవు. నీ టెస్టరు తీగలో కరెంటుందో లేదో నన్నడిగి చెప్తుంది."

కూతురు బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందున్న టీ తాగలేదు. ఆమె ఫార్మసీ చదివింది, మందుల షాపులో పనిచేస్తుంది. మేస్త్రి మాత్రం ఆమెను కాంపౌండరు అనే పిలుస్తాడు. ఇంట్లో మిగతావాళ్ళకీ అదే అలవాటైంది.

"కాంపౌండరూ, నువ్వేమైనా చూశావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"నేనే దాచాను."

వంటింట్లో కుళాయి ఆగింది.

మేస్త్రి ముందు నవ్వాడు. కూతురు నవ్వకపోవడం చూసి ఆపాడు. "ఆటలకు ఇదా వేళ?"

"ఆట కాదు నాన్నా. అమ్మతో ఒక మాట మాట్లాడాలి. అంతవరకు ఆగు."

"అమ్మతో మాట్లాడ్డానికి నా సంచి ఎందుకు?"

"సంచి ఉంటే నువ్వు ఆగవు."

"అమ్మతో ఏం మాట్లాడాలి?"

కూతురి కళ్ళు ఎటు వెళ్ళాయో మేస్త్రి చూశాడు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం బిళ్ళ కింద ఒక కాగితం ఉంది. కార్డు పరీక్ష ఫలితం. ఆయనే అంటించాడు.

"ఓహో. మళ్ళీ అదేనా? నా పేగుల గురించేనా?" ఆయన గొంతు పెంచాడు. "మనం ఏమనుకున్నాం? ఆ కార్డు మీద రక్తం ఉందని తేలితే కెమెరా గొట్టం వేయించుకుంటాను. లేదని తేలితే ఈ ఇంట్లో ఇంకెవరూ ఆ ఊసెత్తకూడదు. అందరూ ఒప్పుకున్నారు. నువ్వూ తలూపావు. తేలిందా లేదా?"

"తేలింది."

"ఏమని?"

"లేదని."

"మరి?"

కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

కంపెనీ ఏటా చేయించే వైద్య పరీక్షలో మేస్త్రి ఒంట్లో రక్తం తక్కువగా ఉందని తేలడంతో ఇదంతా మొదలైంది. ఈ వయసు మగవాడిలో ఊరికే రక్తం తగ్గదన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు ఉందా అని అడిగాడు. మేస్త్రి అన్నయ్య పోయిన ఏడాది పెద్దపేగు కాన్సర్‌తో పోయాడని పెద్దాడు చెప్పాడు. అయితే నేరుగా కెమెరా పరీక్షే చేద్దాం అన్నాడు డాక్టరు. మేస్త్రి కుదరదన్నాడు. డాక్టరు అడిగిన మిగతా ప్రశ్నలన్నిటికీ కూడా ఆయన 'లేదు' అనే చెప్పాడు. నొప్పి లేదు. నీరసం లేదు. రక్తం పడటం లేదు. చివరికి బేరమాడి కార్డు పరీక్ష దగ్గర ఆపాడు. మలం కాస్త కార్డు మీద రాసి ఇస్తే, ల్యాబులో దాని మీద మందు చుక్క వేస్తారు. రక్తం ఉంటే నీలం రంగు వస్తుంది.

రాలేదు. ఫలితం వచ్చిన రోజు మేస్త్రి కుర్చీలో కూర్చుని ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. అందులో ఉన్నది ఒక్క మాటే.

*

నిన్న మధ్యాహ్నం ల్యాబ్ ఆవిడ షాపుకు వచ్చింది. కార్డుల మీద చుక్క వేసేది ఆవిడే. కూతురికి స్నేహితురాలు. గొంతు పట్టేసింది, చప్పరించే బిళ్ళలు ఇమ్మంది.

"విటమిన్ సి ఉన్నవి ఇవ్వనా?"

"ఇవ్వు. నేనేమన్నా కార్డు పరీక్ష చేయించుకుంటున్నానా?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"కాలేజీలో నా పక్కనే కూర్చుని ఏం చదివావే తల్లీ," అంది ల్యాబ్ ఆవిడ. "సి మాత్రలు రోజూ పడుతుంటే మా కార్డు మీద రంగు రాదు. రక్తమున్నా రాదు. మూడు రోజుల ముందే మానేయమని అందరికీ చెప్తాం. మీ నాన్నకూ చెప్పాను. ఏమన్నారో తెలుసా? పుట్టాక మాత్ర మింగినవాణ్ణి కాదు, నాకా చెప్తున్నావు, అన్నారు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు."

కూతురు బిళ్ళల పొట్లం కట్టి ఇచ్చింది. చిల్లర ఇవ్వడం మరిచిపోయింది. ల్యాబ్ ఆవిడ అడిగి తీసుకుని వెళ్ళింది.

మేస్త్రి ఆవిడకు అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసినంతవరకు ఆయన మాత్ర మింగలేదు. పెదనాన్న పోయాక కొన్నాళ్ళకు కూతురు రోజూ ఉదయం తండ్రి ఫ్లాస్కులో పోసే నారింజ రసంలో ఒక మాత్ర నలిపి కలపడం మొదలుపెట్టింది. అది నారింజ రుచిదే. ఆయన కనిపెట్టలేదు. ఈ ఏడాది పళ్ళు బాగున్నాయని మాత్రం అన్నాడు.

కార్డుతో ఉన్న చిక్కు ఆమె చదువుకున్నదే. పరీక్షలో రాసింది కూడా. ఇంట్లో ఫ్లాస్కు మూత తిప్పుతున్నప్పుడు గుర్తురాలేదు.

ఒక్క ఆశ ఉంది. మేస్త్రి కార్డు ఇచ్చిన వారం కూతురు ఇంట్లో లేదు. షాపు యజమాని ఆమెను శిక్షణకు వేరే ఊరు పంపాడు. మాత్ర కలిపేది ఆమె ఒక్కతే. ఆమె లేదు కాబట్టి ఆ వారం రసం ఒట్టి రసమే. అలాగైతే కార్డు సరిగ్గానే చెప్పినట్టు. ఆ మాట మనసులో అనుకుంటూ ఇంటికి నడిచింది.

ఇంటికొచ్చి చక్కెర డబ్బా వెనక చెయ్యి పెట్టింది. ఊరెళ్ళే ముందు రోజు అక్కడ కొత్త సీసా మూత తెరిచింది. వచ్చాక కలపడం మళ్ళీ మొదలుపెట్టలేదు, పెడదామనుకుంటూనే ఉంది. సీసా తేలిగ్గా ఉంది. ఊపితే అడుగున కొన్ని గలగలలాడాయి.

ఎలుకలు సీసా మూత తిప్పవు.

నిన్న సాయంత్రం తల్లి ఒంటరిగా దొరకలేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే గదిలో బట్టలు సర్దుతూ, ఏ చొక్కా తీసుకెళ్ళాలో తేల్చుకోలేక పోట్లాడుకుంటూ ఉన్నారు. ఉదయం లేచేసరికి మేస్త్రి బూట్లు తుడుచుకుంటున్నాడు. ఇంకేం తోచక కూతురు సంచి ఈడ్చుకెళ్ళి వాషింగ్ మెషీన్‌లో పెట్టి మూత వేసింది.

*

తల్లి నారింజలు పిండుతోంది. పక్కన ఫ్లాస్కు తెరిచి ఉంది.

"ఏంటే ఈ గోల? ఆయనకు బీపీ కూడా తెప్పిస్తావా?"

"అమ్మా, చక్కెర డబ్బా వెనక ఒక సీసా ఉంది."

"ఏ సీసా?"

"అమ్మా."

తల్లి చేతిలో ఉన్న సగం పండు పిండడం పూర్తి చేసింది. "ఉంటే?"

"నీకు తెలుసా?"

"నా వంటింట్లో నాకు తెలియకుండా నువ్వు సీసా దాస్తావా? పెట్టిన మర్నాడే తెలుసు. మూత మీద చదివాను. విటమిన్ అని రాసి ఉంది. విషం కాదు కదా అని ఊరుకున్నాను."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఆపేస్తావని."

కూతురు గోడకు ఆనుకుంది.

"నేను ఊళ్ళో లేని వారం, నువ్వు వేశావా?"

"వేశాను మరి. నువ్వు లేవు కదా. ఎవరు వేస్తారు?" తల్లి తొక్కలు చెత్తబుట్టలో పడేసింది. "పైగా పరీక్ష ఉంది. ఒంట్లో కాస్త శక్తి ఉంటే మంచిదని రెండేసి వేశాను."

"రెండేసి."

"తక్కువైందా?"

కూతురు చెప్పింది. ల్యాబ్ ఆవిడ తనకు చెప్పినట్టే చెప్పింది. మాత్ర, కార్డు, రాని రంగు. తల్లి అంతా విని చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది.

"అంటే ఆయనకు రక్తం పడుతోందా?"

"ఏమో తెలియదు. ఆ కాగితం చెల్లదు, అంతే. ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు."

"అంతే అంటావేంటే అంత తేలిగ్గా." తల్లి గొంతు మారింది. "నువ్వే కదా పేపర్లోది చదివి వినిపించావు. ఈ కుర్చీలోనే కూర్చుని. విటమిన్లు బాగా తినేవాళ్ళకు పేగు కాన్సర్ తక్కువగా వస్తోందని రాశారు అన్నావు. నేను కలగన్నానా?"

"తిండిలో, అమ్మా. ఆకుకూరలు, పళ్ళు, పప్పులు బాగా తినేవాళ్ళలో తక్కువ కనబడిందని రాశారు. అది విటమిన్ వల్లనా, వాళ్ళు తినే మిగతా తిండి వల్లనా, వాళ్ళు బతికే తీరు వల్లనా అనేది తేలలేదన్నారు. కొందరికి మాత్రలే ఇచ్చి చూస్తే తేడా కనబడలేదని కూడా కిందే ఉంది."

"ఆ కింద ఉన్నది నువ్వు చదవలేదే."

"చదవలేదు."

"ఎందుకు?"

షాపులో ఎవరైనా ఆ సీసా అడిగితే, ఇది తిండికి బదులు కాదండీ అని చెప్పి మరీ ఇస్తుంది కూతురు. యజమాని చాలాసార్లు విసుక్కున్నాడు.

"పెదనాన్న పోయి అప్పటికి నెల కాలేదు. నాన్న కంచంలో ఏం పెట్టాలా అని నువ్వు రోజూ నా మొహం చూస్తున్నావు. ఏదో ఒకటి చెయ్యాలని నీకుంది. నాకూ ఉంది. కింద ఉన్నది చదివితే ఇద్దరం ఖాళీగా కూర్చోవాలి."

బయట గదిలో మేస్త్రి దేన్నో పక్కకు జరుపుతున్న చప్పుడు వినిపించింది. సోఫా అయి ఉండాలి.

తలుపు తోసుకుని పెద్దాడు వచ్చాడు. "వ్యాను సందు మొదట్లో ఉందట. ఫోను చేశాడు. సంచి ఎక్కడుందో చెప్పు. నీకో దణ్ణం."

"నాన్న పరీక్ష చెల్లదు అన్నయ్యా," అంది కూతురు. రెండోసారి చెప్పడం తేలికైంది. మాటలు తగ్గాయి.

పెద్దాడు విని, ముందు చెల్లెలి వంక, తర్వాత తల్లి వంక, తర్వాత ఫ్లాస్కు వంక చూశాడు.

"నాకు కూడా ఏమైనా కలుపుతున్నారా?"

"నీకు కలిపితే దేనికి?" అంది తల్లి. "నీకున్న రోగం బద్ధకం. దానికి మాత్రలు రాలేదు."

"సరే. నాన్నకు చెప్పొద్దు," అన్నాడు పెద్దాడు. "ఇప్పుడు మాత్రం వద్దు. ఆయన సంగతి మీకు తెలుసు. మీరిద్దరూ కూడబలుక్కుని దొంగతనంగా మందు పెట్టారని తెలిసిందంటే ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. కుళాయి కింద నోరు పెడతాడు. రసం మానేద్దాం. పని అయ్యాక వచ్చి, ఏదో వంక చెప్పి మళ్ళీ కార్డు చేయిద్దాం."

"రెండు నెలలు."

"రెండు నెలల్లో ఏమవుతుంది?"

"అది తెలిస్తే సంచి ఎందుకు దాస్తాను?"

"ఆయన లేకపోతే అక్కడ పని మొదలవదు కాంపౌండరూ. నేను ఒక్కణ్ణి ఏం చెయ్యను? నాకు సగం కూడా రాదు."

"పెదనాన్న కూడా పని అయ్యాకే అన్నాడు."

పెదనాన్న కూడా లిఫ్టుల మేస్త్రే. తమ్ముడికి పని నేర్పింది ఆయనే. కడుపులో తేడాగా ఉందని ఇదే వంటింట్లో, ఇదే స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఒప్పుకున్న లిఫ్టు అయిపోనీ, చూపించుకుంటా అన్నాడు. లిఫ్టు అయింది. ఇప్పటికీ నడుస్తోంది.

పెద్దాడు తల గోక్కున్నాడు. "సంచి ఎక్కడుంది?"

"వాషింగ్ మెషీన్‌లో."

"ఆన్ చెయ్యలేదుగా?"

"లేదు."

"అదొక్కటి మంచి పని చేశావు."

*

మేస్త్రి గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కడుతున్నాడు. సంచి లేకుండానే వెళ్ళడానికి సిద్ధమైనట్టుంది. గేటు ముందు వ్యాను ఆగింది. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి ఊరుకున్నాడు.

పెద్దాడు సంచి తెచ్చి తండ్రి పక్కన దించాడు.

"ఎక్కడ?"

"ఉతకడానికి వేసింది."

మేస్త్రి సంచి జిప్పు తీసి లోపల చూశాడు. పైన తీగల చుట్టలున్నాయి. ఒక చుట్టకు ఎర్రగుడ్డ ముక్కలు కట్టి ఉన్నాయి. అవి జంపర్ తీగలు.

ఆ గుడ్డల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. లిఫ్టు తలుపు మూసుకుంటేనే కదలాలి. తలుపు సరిగ్గా మూసుకుందా లేదా చూసేందుకు ఒక స్విచ్చి ఉంటుంది. బాగుచేసేటప్పుడు తలుపు తెరిచి ఉంచి లిఫ్టును కదపాల్సి వస్తే, ఆ స్విచ్చికి రెండు పక్కలా ఒక తీగ తగిలిస్తారు. అప్పుడు తలుపు బార్లా తెరిచి ఉన్నా, మూసే ఉందని బోర్డు మీద లైటు వెలుగుతుంది. పని అయ్యాక తీగ తీసెయ్యాలి. మరిచిపోకుండా మేస్త్రి ప్రతి తీగకూ ఎర్రగుడ్డ కడతాడు. ఒకసారి ఒక పనివాడు గుడ్డ కట్టని తీగ పెట్టి, మరిచి, బోర్డు మూసేశాడు. మేస్త్రి అది చూశాడు. అతన్ని అక్కడి నుంచే ఇంటికి పంపేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా మేస్త్రీ అన్నాడట అతను. కాలేదు కాబట్టే నువ్వు ఇంటికి వెళ్తున్నావు అన్నాడట ఈయన.

కూతురు ఒక మెట్టు కింద నిలబడింది. ఇప్పుడు తండ్రి మొహం ఆమె మొహానికి ఎదురుగా ఉంది.

"నాన్నా, నీ పరీక్షలో జంపర్ ఉంది."

"ఏంటి?"

"ఫ్రిజ్ మీద కాగితం. లైటు వెలిగింది కానీ తలుపు మూసుకుందో లేదో తెలియదు. మధ్యలో తీగ ఉంది. అది నేను పెట్టిందే."

మేస్త్రి లేసు వదిలేశాడు. "సరిగ్గా చెప్పు."

"నీ రసంలో విటమిన్ సి మాత్ర నలిపి వేసేదాన్ని. అది ఒంట్లో ఉంటే కార్డు మీద రంగు రాదు. రక్తం ఉన్నా రాదు."

ఆగిపోయిన లిఫ్టు ముందు నిలబడితే మేస్త్రి ముందు కోప్పడడు. ప్రశ్నలు అడుగుతాడు. ఇప్పుడూ అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

"పెదనాన్న పోయాక."

"కార్డు ఇచ్చే ముందు కూడా?"

"ఆ వారం నేను లేను."

"అయితే తీగ లేనట్టేగా?"

"నేనున్నాను," అంది భార్య వెనక నుంచి. ఆవిడ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చేతిలో ఫ్లాస్కు ఉంది. మూత పెట్టలేదు. "రెండేసి వేశాను."

మేస్త్రి మెడ తిప్పి భార్యను చూశాడు. మళ్ళీ కూతురిని చూశాడు.

"ఒకరికి తెలియకుండా ఒకరు?"

"అవును."

"గుడ్డ కట్టకుండా?"

కూతురు తెరిచి ఉన్న సంచిలోని ఎర్రగుడ్డల వంక చూసింది.

"నేను పళ్ళు బాగున్నాయనుకున్నాను," అన్నాడు మేస్త్రి. "ఆ పళ్ళబండి వాణ్ణి పిలిచి మరీ మెచ్చుకున్నాను. వాడు మర్నాటి నుంచి రేటు పెంచాడు."

పెద్దాడికి నవ్వొచ్చింది. నవ్వి, నేల చూశాడు.

"తిట్టండి," అంది భార్య. "తిట్టేదేదో ఇప్పుడే తిట్టేయండి. మనసులో పెట్టుకుని అక్కడికి వెళ్ళి తిండి మానెయ్యకండి. నేనేం చేశానో అది మీ కోసమే చేశాను. దానికి చదువుంది, దాన్ని అనండి. నాకు లేదు, నన్ననకండి."

"అమ్మా!" అంది కూతురు.

"ఏం, అబద్ధమా?"

మేస్త్రి సంచి జిప్పు మూశాడు. దాన్ని ఎత్తి పెద్దాడి చేతికిచ్చాడు.

"నువ్వు వెళ్ళు."

"నేనొక్కణ్ణా?"

"సంచి కూడా వస్తుంది."

"నాన్నా, నాకు ఆ బోర్డు..."

"వచ్చు. నేను పక్కన ఉన్నానని రానట్టు నటిస్తున్నావు. ముందు పట్టాల పక్కన తూకం గుండు దించి చూసుకో, నిటారుగా ఉన్నాయా లేదా. బోర్డు దగ్గర ఆగిపోతే ఫోను చెయ్యి. తీగ పెడితే గుడ్డ కట్టు."

పెద్దాడు తన సంచి ఒక భుజానికి, తండ్రి సంచి ఇంకో భుజానికి తగిలించుకున్నాడు. కుడి భుజం కిందికి దిగింది. గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. తండ్రి చేత్తోనే పొమ్మన్నాడు. వ్యాను తలుపు మూసుకుంది. సందు చివర మలుపు తిరిగింది.

"సరే నాన్నా," అంది కూతురు. "ఈ రోజు నుంచి రసం లేదు. కొన్నాళ్ళు ఆగుదాం. ల్యాబ్ ఆవిడతో చెప్పి మళ్ళీ కార్డు..."

"కార్డు వద్దు."

"మొదలైంది," అంది భార్య.

"కార్డు వద్దు. కెమెరా వేయించుకుంటాను. ఆ డాక్టరు దగ్గరికి ఫోను చెయ్యి."

రెండు నెలలుగా ఈ ఒక్క మాట కోసం భార్య బతిమాలింది, అలిగింది, ఒక పూట వంట కూడా మానేసింది. మేస్త్రి ఒక్కసారి కూడా మెత్తబడలేదు. ఇప్పుడు బూటు లేసు విప్పుకుంటూ, ఎవరూ అడక్కుండానే అన్నాడు. ఆవిడ మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఫ్లాస్కు మెట్టు మీద పెట్టి, ఆయన పక్కన కూర్చుంది.

కూతురికి మాత్రం తేలికనిపించలేదు. తండ్రి ఇంత సులువుగా దేనికీ ఒప్పుకోడు. కోపమైనా రాలేదు. తప్పు తమ వైపు ఉన్నప్పుడు ఆయన ఇంత నెమ్మదిగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఫోను తీసి డాక్టరు దగ్గరి నంబరు నొక్కింది. ఆ నంబరు దాచుకునే ఉంది. నర్సు ఎత్తింది. అందరికీ వినబడేలా కూతురు స్పీకరు పెట్టింది.

"పరీక్ష ఎవరికండీ?"

"మా నాన్నగారికి."

"కార్డు పరీక్ష అయిందా?"

"అయింది. కానీ అది చెల్లదు. అప్పుడు విటమిన్ సి మాత్రలు వాడారు."

"వాడొద్దని చెప్పలేదా?"

"చెప్పారు. ఆయనకు తెలియదు."

"సరే. ఇంట్లో ఎవరికైనా పేగు కాన్సర్ వచ్చిందా?"

"మా పెదనాన్నకు. అంటే నాన్నకు సొంత అన్నయ్య."

"బరువు తగ్గారా?"

"కొంచెం," అంది భార్య ఫోను వైపు వంగి. "బెల్టుకు కొత్త కన్నం పొడిచారు. పని ఎక్కువైందన్నారు."

"మలంలో రక్తం పడుతోందా?"

"లేదండీ," అంది కూతురు.

మేస్త్రి రెండో బూటు తీసి మొదటి బూటు పక్కన పెట్టాడు. రెండూ జతగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. చెయ్యి చాపాడు.

"ఫోను ఇటివ్వు."

"ఏం నాన్నా?"

"ఇటివ్వు."

ఆయన ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "పడుతోందమ్మా."

భార్య చెయ్యి ఆయన మోకాలి మీద ఉంది. అక్కడే ఆగిపోయింది. కూతురు ఫ్రిజ్ వైపు చూసింది. తెరిచి ఉన్న వీధి తలుపులోంచి ఆ కాగితం కనబడుతోంది. ఆ రోజు తండ్రి దాన్ని ఎందుకు అంతసేపు చదివాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"మీరు కళ్ళారా చూశారా అండీ?" అంది నర్సు.

"చూశాను. కార్డు లేదంది. సరే, లేదనుకున్నాను."

"ఎప్పటి నుంచి పడుతోంది?"

మేస్త్రి భార్య వైపు చూడబోయి, చూడకుండా, ఖాళీగా ఉన్న గేటు వైపు చూశాడు. ఫోను లోంచి నర్సు మళ్ళీ అడిగింది.

"మా అన్నయ్య బతికి ఉన్నప్పటి నుంచి," అన్నాడు.